వేసవిలో విశాఖ: షికారు చాలునా?

వార్షిక పరీక్షలు ముగిసి కళాశాల తలుపులు మూతపడగానే విద్యార్థిలోకంలో వినవచ్చే మొదటి ప్రశ్న "ఈ వేసవికి ఎక్కడికి?" అన్నది. కలిగినవారు ఊటీ అంటారు, కొడైకెనాల్ అంటారు. అమ్మమ్మగారి ఊరు ఉన్నవారు అక్కడి మామిడితోటలను తలచుకొంటారు. పోవుటకు ఊరు లేనివారు, ప్రయాణపు ఖర్చు భరింపలేనివారు "మేము ఇక్కడే" అని తలవంచుకొంటారు. మన వంటి కళాశాలలలో ఈ మూడవ తరగతివారే అధిక సంఖ్యాకులని వేరుగా చెప్పనక్కరలేదు. విశాఖపట్టణం వంటి నగరంలో నివసిస్తూ, వేసవిలో ఇక్కడే ఉండిపోయినందుకు ఎవరూ తలవంచుకొనవలసిన అగత్యం లేదని మనవి చేయుటయే ఈ వ్యాసం ఉద్దేశం. ఈ నగరం ఇవ్వగలిగిన వాటిలో శ్రేష్ఠమైనవి చాలవరకు ఉచితమైనవే. అయితే వాటిని ఎరిగి కాపాడుకొనేవారు లేనినాడు అవి మనకు దక్కవు.

ముందుగా ఒక మాట గురించి. ఉర్దూలో 'షికార్' అంటే వేట. ఆ మాట తెలుగులోనికి వచ్చి 'షికారు'గా మారి, విహారమనే అర్థాన్ని సంతరించుకొన్నది. తుపాకి ఇంటివద్దనే ఉండిపోయి, తిరుగుట మాత్రం మిగిలినదన్నమాట! విహారానికి ఉర్దూవారు వాడుకొనే మాటలు వేరు: 'సైర్' అంటారు, 'హవాఖోరీ' అంటారు, గాలిని భుజించుట అని రెండవదానికి అర్థం. రెండు భాషలూ చెవిన పడే చోట చదువుకొంటున్నందున ఈ భేదం మనకు సులభంగా బోధపడుతుంది. కాని నేటి సాయంత్రాలలో రామకృష్ణా బీచిని పరికించి చూచినవారికి, ఆ పాత అర్థమే మరల తిరిగివచ్చినదేమో అన్న సందేహం కలుగక మానదు. గుంపులుగా వస్తారు, సెల్‌ఫోనులతో పది ఛాయాచిత్రాలు పట్టుకొంటారు, ప్లాస్టిక్ గ్లాసులు ఇసుకలో పారవేసి వెళ్లిపోతారు. వేట ముగిసినది గాని, సముద్రంతో పరిచయం కలుగలేదు.

పరిచయం కావలెనంటే ముందు నగరపు దినచర్యను తెలిసికొనవలె. పగటి ఎండకు నేల త్వరగా వేడెక్కుతుంది, నీరు నిదానంగా వేడెక్కుతుంది. నేలమీది వేడిగాలి పైకి లేవగా, ఆ చోటును నింపుటకు సముద్రంమీది చల్లని గాలి ఒడ్డుకు వస్తుంది. ఈ గాలి పెందలకడ వచ్చిననాడు విశాఖ హాయిగా ఉంటుంది. పడమటి వేడిగాలులు దానిని అడ్డగించిననాడు నగరం కొలిమి అవుతుంది. తీరాన ఉన్న వాల్తేరులోను, దూరంగా కొండలకు ఆవల ఉన్న విమానాశ్రయంలోను ఒకేనాడు నమోదైన ఉష్ణోగ్రతలలో కొన్ని డిగ్రీల తేడా కనిపించుటకు కారణం ఇదియే. గాలిలో తేమ అధికం కనుక చెమట ఆరదు. అంకెలలో కనిపించే వేడికంటె శరీరానికి తగిలే వేడి ఎక్కువ. కాబట్టి ఇక్కడి వేసవిని మూడు భాగాలుగా పంచుకొనవలె: ఉదయం తీరానికి, మధ్యాహ్నం నీడకు, సాయంత్రం కొండలకు.

ఉదయం సంగతి. సూర్యుడు సముద్రంలోనుండి ఉదయించే దృశ్యం తూర్పుతీర వాసులకు పుట్టుకతో వచ్చిన ఆస్తి. దానికి టిక్కెట్టు లేదు. ఐదు గంటలకు లేచుట ఒక్కటే వెల. అయితే చూచుట వేరు, దిగుట వేరు. ప్రతి వేసవిలోను ఈ తీరాన పడుచువారి ప్రాణాలు పోతూనే ఉన్నవి. రామకృష్ణా బీచిలోను, యారాడలోను ఒడ్డు వాలుగా గాక ఒక్కసారిగా లోతుకు దిగుతుంది. అల వచ్చి విరిగినప్పుడు కాలిక్రింది ఇసుక జారిపోతుంది. ఒడ్డుకు వచ్చిన నీరు ఒక్కొక్కచోట సన్నని పాయగా ఏర్పడి అతివేగంగా లోపలికి మరలిపోతుంది. ఆ పాయలో చిక్కినవాడు ఒడ్డువైపు ఎదురీదబోయి, అలసి, మునిగిపోతాడు. ఎదురీదక, ఒడ్డుకు సమాంతరంగా ప్రక్కకు ఈది ఆ పాయనుండి బయటపడి, పిదప ఒడ్డుకు రావలెనని తెలిసినవారు ఎందరు? సముద్రం ప్రక్కన పుట్టిపెరిగి, ఈత రాకుండా పట్టా పుచ్చుకొనే విద్యార్థులు మనలో ఎంతమంది? ఈ వేసవిలో ఒకే పని చేయగలిగితే, గురువు సమక్షంలో, కొలనులో ఈత నేర్చుకొనుటకే నా ఓటు. ఈత వచ్చినంత మాత్రాన సముద్రాన్ని జయించినట్లు కాదని కూడ ఆ గురువే నేర్పుతాడు.

అదే ఉదయం చేపలరేవుకు వెళ్లిరండి. ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 దినాలు, తూర్పుతీరం పొడవునా మరపడవల చేపలవేటపై నిషేధం ఉంటుంది. అది చేపలు గ్రుడ్లు పెట్టే కాలం. ఎప్పుడూ కోలాహలంగా ఉండే రేవులో పడవలు వరుసలు తీరి విశ్రమిస్తాయి. గంగపుత్రులు వలలు బాగుచేసుకొంటూ, పడవలకు రంగులు వేసుకొంటూ కనిపిస్తారు. 2023 నవంబరులో జరిగిన అగ్నిప్రమాదంలో పదుల సంఖ్యలో పడవలు దగ్ధమైన రేవు ఇదియే. వేటయే జీవనాధారమైనవారు రెండు నెలలు వేట మాని, చేతిలో ధనం ఆడక, సముద్రానికి ఊపిరి తిరిగే వ్యవధి ఇస్తున్నారు. ప్రభుత్వం భృతి ఇచ్చినను, ఆ రెండు నెలలూ వారి ఇండ్లలో గడ్డు కాలమే. సరదాకోసం తీరానికి వచ్చే మనం ఒక ప్లాస్టిక్ సంచిని ఇంటికి తిరిగి తీసుకొనిపోలేమా? అర్థశాస్త్రం చదివే విద్యార్థికి ఆ రేవులో గడిపే ఒక ఉదయం, తరగతిలోని అనేక ఉపన్యాసాలకు సాటి.

రేవునుండి పాతనగరం ఎంతో దూరం లేదు. అక్కడ ఓడరేవు ప్రవేశమార్గానికి ఎదురుగా మూడు కొండలు ప్రక్కప్రక్కన నిలిచి ఉన్నవి: ఒకదానిపై వేంకటేశ్వరస్వామి ఆలయం, ఒకదానిపై ఇస్‌హాక్ మదనీ దర్గా, ఒకదానిపై మేరీమాత చర్చి. మతసామరస్యంపై వక్తృత్వపు పోటీలకు వ్యాసాలు వల్లెవేసే మనం ఒక్క ఉదయం ఆ మూడు మెట్లదారులూ ఎక్కి చూడవలె. పైనుండి చూస్తే డాల్ఫిన్స్ నోస్ కొండ ఆశ్రయంలో, 1933లో ప్రారంభమైన ఓడరేవు కనబడుతుంది. స్వతంత్ర భారతంలో నిర్మాణమై జలప్రవేశం చేసిన మొదటి పెద్ద నౌక 'జలఉష' 1948 మార్చిలో జవహర్‌లాల్ నెహ్రూ చేతులమీదుగా నీట దిగినది ఈ నగరంలోనే. ఈ నగరంలోనే, ఏ.వి.ఎన్. కళాశాల అధ్యాపకుని కుమారుడుగా, చంద్రశేఖర వేంకట రామన్ బాల్యం గడిచినది. ఆ బాలుడు పెద్దవాడై 1921లో ఓడ ప్రయాణంలో మధ్యధరా సముద్రపు నీలిమను చూచి, దానికి కారణమేమని ప్రశ్నించి, ఆ త్రోవను పరిశోధన సాగించి 1930లో నోబెల్ బహుమానం అందుకొన్నాడు. ఆ ప్రశ్నకు బీజం విశాఖ తీరాన పడినదని చెప్పుటకు ఆధారం లేదు. కాని సముద్రాన్ని చూచి "ఎందుకు?" అని ప్రశ్నించుట, చూచినవారందరూ చేసే పని మాత్రం కాదు.

ఇక మధ్యాహ్నం. ఎండ ముదిరినప్పుడు చల్లని యంత్రాలు గల వ్యాపార సముదాయాలలో, ఏమీ కొనకుండ, కొనలేనందుకు చిన్నబుచ్చుకొంటూ తిరుగుట ఒక మార్గం. అంతకంటె గౌరవప్రదమైన నీడ ఈ నగరంలో ఉన్నది. బీచి రోడ్డుపై ఒక పాత డచ్చి బంగళాలో 1991లో ఏర్పడిన విశాఖ మ్యూజియం ఉన్నది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు ఈ నగరంపై బాంబులు వేసినప్పుడు ప్రేలక మిగిలిన బాంబు ఒకటి అక్కడ చూడవచ్చు. మరికొంత దూరంలో కురుసుర జలాంతర్గామి ఉన్నది. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో సేవ విరమించి, 2002లో ప్రదర్శనశాలగా మారిన ఆ నౌక పొడవు 91 మీటర్లు. అందులోని ఇరుకు పడకలను చూచినవారు తమ వసతిగృహపు గదిని మరల నిందింపరు! ఈ రెండింటికీ టిక్కెట్టు ఉన్నది గాని, ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయంలో కూర్చుండి చదువుకొనే మధ్యాహ్నానికి సాటివచ్చే విలాసం లేదు. 1910లో ఈ నగరంలో పుట్టిన శ్రీశ్రీని, ఇక్కడి కోర్టులలో న్యాయవాదిగా ఉంటూ పేదల బ్రతుకులను కథలుగా మలచిన రాచకొండ విశ్వనాథశాస్త్రిని చదవక, విశాఖ తెలుసుననుట సాహసమే. 'ఆరు సారా కథలు' చదివినవానికి పాతనగరపు సందులు మునుపటివలె కనిపించవు.

సాయంత్రం భీమునిపట్టణం దారి పట్టవలె. నగరం నుండి సుమారు 15 కిలోమీటర్ల దూరాన తొట్లకొండ ఉన్నది. రెండువేల సంవత్సరాల క్రిందట బౌద్ధభిక్షువులు వర్షపు నీటిని నిలువచేసికొనుటకు రాతిలో తొలిచిన తొట్లవల్లనే దానికి ఆ పేరు వచ్చినది. నేడు వేసవి వచ్చినంతనే నీటి ట్యాంకరుకోసం బిందెలతో నిలబడే మనం, ఆ తొట్లముందు కొంతసేపు నిలబడుట మంచిది. మరికొంత ముందుకు పోతే ఎర్రమట్టి దిబ్బలు. వేలాది సంవత్సరాలు గాలి, నీరు కలిసి పేర్చి, కోసి తీర్చిన ఇసుకదిబ్బలు అవి. ఉష్ణమండలంలో ఇటువంటివి అరుదు. జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తింపు కూడ పొందినవి. అయినను 2024లో ఆ పరిసరాలలో యంత్రాలతో నేలను చదును చేయుట పెద్ద వివాదమైనది. దిబ్బలు నోరులేనివి. వాటిని ఒకసారి చూచి, అవి ఏమిటో తెలిసికొన్న పౌరుడే వాటికి నోరు. సినిమాపాటలకు నేపథ్యంగా మాత్రమే వాటిని ఎరిగినవారు, రేపు అవి లేనినాడు మరొక నేపథ్యాన్ని వెదకుకొంటారు.

ఈ సందర్భంలో ఒక ఆక్షేపణ రావచ్చును: "సెలవులు విశ్రాంతి కొరకు గదా, వాటిని కూడ పాఠాలుగా మార్చుటెందుకు?" అని. వినోదం వద్దని నేను చెప్పబోను. తాటిముంజలు తినుటను, సువర్ణరేఖ మామిడిపండు రసం మోచేతికి కారుటను, ఇసుకలో కూర్చుండి ముంతమసాలా పంచుకొనుటను మించిన వేసవి సుఖాలు నాకూ తెలియవు. కాని ఎరుకతో కూడిన వినోదం రెండింతలు రుచిస్తుంది. పగలు ఏదో ఒక దుకాణంలో పనిచేసి కుటుంబానికి ఆసరాగా నిలిచే సోదరులు మనలో ఉన్నారు. వారికి రోజుల కొలది తీరిక లేదు. వారానికి ఒక్క ఉదయం చాలును. పైన చెప్పినవాటిలో ఏ ఒక్కటీ ఒక పూటకంటె ఎక్కువ కోరదు.

అంతకంటె ముఖ్యమైన ఆక్షేపణ ఒకటి ఉన్నది. దానిని ఎవరూ పైకి అనరు. సెలవులు వచ్చినవంటే మగపిల్లలకు బీచి, ఆడపిల్లలకు వంటిల్లు అన్న ఏర్పాటు అనేక కుటుంబాలలో నేటికీ సాగుతున్నది. ఊరగాయల కాలం వచ్చినదంటే సోదరీమణులకు సెలవులే లేవు. తెల్లవారుజామున సముద్రాన్ని చూచే హక్కు ఇంటిలో సగం మందికే ఉండుట న్యాయమా? అన్నదమ్ములు మామిడికాయలు తరుగుటలో చేయివేస్తే, అక్కచెల్లెండ్రకు ఒక ఉదయం మిగులుతుంది. తల్లిదండ్రులు వెంట వచ్చినచో వారికీ అది సెలవే అవుతుంది. ఎక్కువమంది స్త్రీలు, కుటుంబాలు తిరిగే చోటే ఎక్కువ క్షేమకరమైన చోటు కూడ. తీరం అల్లరిమూకలకు నెలవు కాకుండ ఉండవలెనంటే, మర్యాదస్థులు ఇంటిలో కూర్చుండుట దానికి మందు కాదు.

విద్యార్థి మిత్రులారా! నగరం మనకు ఇచ్చే ఈ సంపదకు పత్రాలు లేవు, కాపలాదారులు లేరు. తుఫాను దానిని కొంత హరిస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఒక్కనాటిలో కూల్చిన చెట్లకు లెక్కలేదు. అలలు తీరపు ఇసుకను కొంత కోసుకొని పోతాయి. మిగిలినదానిని మన అశ్రద్ధ హరిస్తుంది. ప్రకృతి తీసికొనేదానిని మనం ఆపలేకపోవచ్చును. మూడవదాని సంగతి మన చేతిలోనే ఉన్నది. రాబోయే వేసవికి ప్రతి విద్యార్థి ఒక చోటును ఎన్నుకొని, దానిని నాలుగుమారులు చూచి, అక్కడివారితో మాటలాడి, దానిని గురించి ఒక్క పుట వ్రాయవలెనని నా సూచన. ఉర్దూలో వ్రాసినా, తెలుగులో వ్రాసినా సరే. ఆ పుటలు ఈ సంచికకు వన్నె తెచ్చుట అటుంచి, వ్రాసినవారికి ఈ నగరంపై ఏ దస్తావేజూ ఇవ్వలేని హక్కును సంపాదించి పెడతాయి.