కరెక్షన్ స్లిప్పు అతికించేదెవరు?

రైల్వే సోదరులకు 1976 నాటి జనరల్ రూల్స్‌ను పరిచయం చేయనక్కరలేదు. ఆ పుస్తకం అందుకున్న ప్రతి ఉద్యోగీ ఎప్పటికప్పుడు వెలువడే సవరణలన్నింటినీ అందులో చేర్చి ఉంచుకోవలెనని ఆ రూల్సే విధిస్తున్నవి. కరెక్షన్ స్లిప్పులు అతికించి అతికించి మందమెక్కిన ఆ పుస్తకాన్ని ఇన్‌స్పెక్షన్ నాడు అధికారి ముందుంచని స్టేషన్ మాస్టరు ఉండడు. పోస్టల్ మాన్యువల్ విషయంలో తపాలా సోదరుల అనుభవమూ ఇంతే. పనిముట్టు ఎంత గొప్పదైనా, దానిని నడిపే తీరు తెలిపే కాగితం పాతబడితే కష్టమెవరికో మన రెండు శాఖలవారికీ తెలుసు. తప్పు జరిగిన నాడు చార్జిషీటు ఆ కాగితం రాసినవానికి రాదు. దానిని నమ్మి పనిచేసినవానికి వస్తుంది.

ఈ సంగతి ఇప్పుడు ఎత్తుకోవడానికి కారణమున్నది. ప్రభుత్వ కార్యాలయాల కంప్యూటర్ వ్యవస్థలలో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు ప్రాధాన్యమివ్వవలెనని కేంద్ర ప్రభుత్వం 2015లో విధానంగా ప్రకటించింది. ఈ తరహా సాఫ్ట్‌వేర్ ఏ ఒక్క కంపెనీ గుప్పిట్లోనూ ఉండదు. దాని మూలసంకేతాన్ని ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, పంచుకోవచ్చు. 1980లలో కంప్యూటర్ అనగానే ఉద్యోగాలకు ముప్పని ఉద్యమించిన తరం మాది. ఆ భయం ఉత్తది కాదని నేటికీ అనుకుంటున్నాము. అయినా వచ్చిన యంత్రం వెనక్కు పోదు గనుక, అది ప్రజల ఆస్తిగా ఉండడమే మేలని ఈ విధానాన్ని స్వాగతించాము.

కాని తలుపు తెరిచి ఉంచినంత మాత్రాన లోపల దీపం వెలిగినట్టు కాదు. గిట్‌హబ్ సంస్థ 2017లో ఓపెన్ సోర్స్ రంగంలో జరిపిన సర్వేలో, వివరణ పత్రాలు అసంపూర్ణంగానో పాతబడియో ఉండడం తాము చూస్తున్న సమస్యేనని 93 శాతం మంది చెప్పారు. అదే సర్వేలో, ఆ పత్రాల రచనకు తాము అరుదుగా తప్ప చేయి వేయడం లేదని, లేదా అసలే వేయడం లేదని చెప్పినవారు 60 శాతం. లోపం అందరికీ కనబడుతున్నది, దిద్దే చేతులే కరువు. ఇందులో వింత లేదు. ప్రోగ్రాము రాసినవానికి పేరు వస్తుంది. దానిని వాడే విధానం రాసినవాని పేరు ఎవరికీ గుర్తుండదు. లిబ్రే ఆఫీస్‌నే తీసుకోండి. ఏటా రెండు కొత్త విడుదలలు వస్తాయి. దాని మార్గదర్శక గ్రంథాలను అధికభాగం స్వచ్ఛంద కార్యకర్తలే తీరిక వేళల్లో అధ్యాయం వెంట అధ్యాయంగా సవరించుకుంటూ వస్తున్నారు. యంత్రం పరుగెడుతుంటే కాగితం వెనుకబడక ఏమవుతుంది?

ఇంతకన్నా మనసును కలచిన ఉదంతం మరొకటి. లినక్స్ వ్యవస్థ లోపలి సౌకర్యాలను ప్రోగ్రామర్లకు వివరించేవి ‘మాన్ పేజెస్’ అనే పత్రాలు. ప్రపంచంలోని పెద్ద పెద్ద కంపెనీల ఇంజనీర్లు వాటి మీద ఆధారపడుతున్నారు. వాటిని నిర్వహిస్తున్న కార్యకర్త, ఏ కంపెనీ నుంచీ సహాయం లేదనీ, సొంత ఖర్చుతో ఇక సాగించలేననీ 2024 సెప్టెంబరులో పని ఆపివేశారు. ఆ తరువాత కొన్ని సంస్థలు కలిసి పారితోషికం ఏర్పాటు చేసినందున పని తిరిగి మొదలైంది. పని ఆగితే తప్ప శ్రమ కనబడకపోవడం మనకు కొత్త పాఠం కాదు.

మా తప్పు కూడా ఒకటి ఒప్పుకోవలసి ఉన్నది. మా కార్యాలయంలో చందాల పద్దు తయారుచేస్తుండగా, చేతిలోని మార్గదర్శిక చెప్పిన చోట ఆ ఆదేశం కనబడలేదు. కొత్త విడుదలలో అది వేరే మెనూలోకి మారిందని తెలుసుకునేసరికి పూట గడిచింది. తెలిసిన తరువాతనైనా ఆ మార్పును రెండు వాక్యాలలో గ్రంథకర్తలకు రాసి పంపామా? లేదు. ఒక చీటీ మీద గీసుకుని టేబులుకు అతికించుకున్నాము. ఆ చీటీ అక్కడే ఉన్నది. మాకు తప్ప మరెవరికీ ఉపయోగపడలేదు.

వర్క్ టు రూల్ ఉద్యమం నడిపిన ప్రతిసారీ యాజమాన్యం గగ్గోలు పెట్టింది. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చేస్తే బండి కదలదన్నమాట! పుస్తకానికీ పనికీ నడుమ ఉన్న ఆ దూరాన్ని దినదినమూ తన తెలివితో పూడ్చేవాడు ఉద్యోగి. కౌంటరులో కూర్చున్న గుమాస్తాకు ఏ మెట్టు దగ్గర మార్గదర్శిక మౌనం వహిస్తుందో దానిని రాసిన నిపుణునికి తెలియదు. అన్నీ తెలిసినవానికి లోటు కనబడదు. నిన్న చేరిన కుర్రవానికి కనబడుతుంది. అందుచేత ఈ రచనలో వాడుకరి పాత్ర ఉపకారం కాదు, అవసరం.

తెలుగు సంగతి మరీ దయనీయం. మెనూలలోని మాటలు తెలుగులోకి వచ్చినంతగా వాటిని వివరించే గ్రంథాలు రాలేదు. ఇంగ్లీషులో తడబడే మన నాల్గవ తరగతి ఉద్యోగుల పిల్లలకు తెరిచి ఉన్న సంకేతమైనా, మూసి ఉన్న సంకేతమైనా ఒక్కటే.

ఇకమీదట మన సభ్యులు ఎక్కడ చిక్కుబడినా, సాఫ్ట్‌వేర్ పేరు, విడుదల సంఖ్య, మార్గదర్శిక చెప్పిన మెట్టు, తెర మీద వచ్చిన మాట యథాతథంగా, చివరకు దారి ఎట్లా దొరికిందో తేదీ వేసి రాసి బ్రాంచి కార్యదర్శికి అందించవలెనని కోరుతున్నాము. ఖాతాదారుల వివరాలు గాని, పాస్‌వర్డులు గాని అందులో రాయరాదు. వాటిని సరిచూసి ఆయా ప్రాజెక్టులకు పంపే బాధ్యత మా కార్యాలయానిది. యాజమాన్యాలను మేము అడిగేది ఒక్కటే. ఉచితంగా దొరికిన సాఫ్ట్‌వేర్ వల్ల లైసెన్సు రుసుము మిగుల్చుకుంటున్న శాఖ, దాని వివరణ గ్రంథాల సవరణకూ తెలుగు అనువాదానికీ ఉద్యోగులు వెచ్చించే సమయాన్ని డ్యూటీ వేళలుగా లెక్కించాలి. ఈ కోర్కెను తదుపరి కార్యవర్గ సమావేశం ఎజెండాలో చేరుస్తున్నాము. టేబులుకు అతికించిన ఆ చీటీలోని సంగతిని ఈ వారమే ఆ గ్రంథకర్తలకు పంపుతున్నాము.