జారిపడితే పేలుతుందా?

ఎన్నికల కోడ్ వచ్చిందంటే చాలు... అమలాపురం, భీమవరం వైపు కొన్ని పాత మండువా ఇళ్లలో బీరువా అడుగు నుంచి ఓ గుడ్డమూట బయటికొస్తుంది. తాతగారి పిస్తోలు! లైసెన్సున్న తుపాకులు తెచ్చి డిపాజిట్ చేయమని స్టేషన్ నుంచి కబురొస్తుంది మరి. పెద్దాయన దాన్ని చేతిసంచిలో వేసుకుని మనవడి బండెక్కుతారు. లైసెన్సు పుస్తకం ఉందో లేదోనని నాలుగుసార్లు తడుముకుంటారు. లోపల తూటా ఉందేమో చూశారా అంటే మాత్రం, ‘సేఫ్టీ వేసే ఉందిలేరా’ అనేస్తారు.

చిక్కంతా ఆ సేఫ్టీతోనే. చాలా పాత పిస్తోళ్లలో ఆ మీట ఆపేది సుత్తినీ ట్రిగ్గర్నీ మాత్రమే. తూటా వెనక కొట్టే ఫైరింగ్ పిన్ను దాని అదుపులో ఉండదు. ఓ చిన్న స్ప్రింగు దాన్ని వెనక్కి పట్టి ఉంచుతుంది, అంతే. రాజమండ్రి నుంచి కొవ్వూరు వెళ్లే బస్సు వంతెన మీద సడెన్ బ్రేకు వేస్తే నిలబడ్డవాళ్లంతా ముందుకు తూలుతారు కదా... పిస్తోలు గొట్టం కిందికి వచ్చేలా గచ్చు మీద పడ్డప్పుడు లోపల పిన్నుకు జరిగేదీ అదే. తుపాకీ ఆగిపోతుంది, పిన్ను ఆగదు. స్ప్రింగు ఏళ్ల తరబడి వాడి మెత్తబడి ఉంటే ఇక చెప్పేదేముంది! ఛాంబర్లో తూటా ఉంటే ట్రిగ్గరు మీద ఎవరి వేలూ లేకుండానే పేలొచ్చు.

ఇది తయారీదారులకు తెలియని సంగతేం కాదు. 1911 నాటి ప్రఖ్యాత కోల్ట్ పిస్తోలుకు పిన్నును అడ్డుకునే ఏర్పాటు స్థిరంగా వచ్చింది 1983లో, సిరీస్ 80 పేరుతో. జర్మనీ వాళ్లు మాత్రం వాల్తర్ పి38లో 1938కే పెట్టేశారు. బ్రౌనింగ్ హై-పవర్ 1935 నాటిది. మన ఇషాపూర్ ఫ్యాక్టరీ 9 ఎం.ఎం. పిస్తోలుకు మాతృక అదే. పాత హై-పవర్లలో ఈ అడ్డు లేదు, మార్క్ 3 రకంలోనే వచ్చింది. 9 ఎం.ఎం. మామూలు పౌరులకు నిషిద్ధం కాబట్టి ఇళ్లలో ఉండేవి ఎక్కువగా .32 బోరువే.

రివాల్వరైతే భయం లేదనుకోవద్దు. 1944లో అమెరికా యుద్ధనౌక మీద స్మిత్ అండ్ వెసన్ రివాల్వరు ఒకటి డెక్కు మీద పడి పేలింది. ఓ నావికుడు చనిపోయాడు. ఆ తర్వాతే కంపెనీ సుత్తికి గట్టి అడ్డు అమర్చింది. 2024 అక్టోబర్ 1న ముంబయిలో హిందీ నటుడు గోవిందా కాల్లోకి సొంత రివాల్వరు గుండే దిగింది. బీరువాలో పెడుతుంటే చేజారి పేలిందని ఆయన మేనేజరు చెప్పారు. పోనీ కొత్తవి కొంటే? సిగ్ పి320ని అమెరికా సైన్యం ఎంపిక చేసింది 2017లో. అదే ఏడాది ఓ కోణంలో పడితే పేలుతోందని బయటపడి, కంపెనీ ఉచితంగా మార్పులు చేసివ్వాల్సి వచ్చింది!

మ్యాగజైన్ తీసేస్తే ఖాళీ అయినట్టేననేది ఇంకో అపోహ. ఛాంబర్లో ఒకటి మిగిలిపోవచ్చు. ముందు మ్యాగజైన్ తీయాలి, ఆ తర్వాత స్లైడు వెనక్కి లాగి లోపలికి చూడాలి. వరస మారిందో, స్లైడు ముందుకెళ్తూ మ్యాగజైన్లోని కొత్త తూటాను లోపలికి నెడుతుంది. చేజారిందే అనుకోండి, గాల్లో పట్టుకోబోకండి. కంగారులో వేలు సరిగ్గా ట్రిగ్గరు మీదే పడుతుంది. ఛాంబరు ఖాళీగా ఉంటే ఎంత ఎత్తు నుంచి పడ్డా చప్పుడే తప్ప గుండు రాదు.

2019 సవరణతో ఒకరికి రెండు తుపాకులకు మించి ఉండకూడదు. వారసత్వంగా వచ్చినా అంతే. ఉంచుకునే ఆ రెండింటినైనా లైసెన్సున్న ఆయుధాల డీలరు దగ్గరికి తీసుకెళ్లి స్ప్రింగులు చూపించే ఇళ్లెన్ని? పోలీసులూ ఓ పని చేయొచ్చు. డిపాజిట్ల రోజుల్లో స్టేషన్ వరండాలో కాక బయట ఇసుక నింపిన డ్రమ్మొకటి పెట్టి, గొట్టం అందులోకి తిప్పాకే సంచీలోంచి తీసినదాన్ని ఖాళీ చేయిస్తే సరి. డ్రమ్ముకైతే డబ్బులవుతాయేమో గానీ, గోదారి ఒడ్డున ఇసుకకేం కొదవ?