భయపడిన చేయి పట్టిన మీట

శత్రువులు చుట్టుముట్టినప్పుడు కాలయంత్రం ఎక్కినవాడు ఎటు పోతాడు? ఇంటికే పోతాడని మనమంతా అనుకుంటాం. 1895లో వెలువడిన హెచ్.జి. వెల్స్ నవల ‘ది టైమ్ మెషీన్’లోని కాలయాత్రికుడి ఉద్దేశమూ అదే. కాని అతడు చేరినది ఇల్లు కాదు.

ఆ ఘట్టాన్ని ఒకసారి జ్ఞాపకం చేసుకుందాం. అది 8,02,701వ సంవత్సరం. భూగర్భంలో నివసించే మార్లాకులు అతని యంత్రాన్ని ఎత్తుకుపోయి, ఒక తెల్లని స్ఫింక్స్ విగ్రహం పీఠంలో దాచారు. యాత్రికుడు తిరిగి అక్కడికి వచ్చేసరికి పీఠపు కంచు తలుపులు తెరచి ఉన్నాయి. లోపల యంత్రం శుభ్రంగా తుడిచి, నూనె వేసి ఉంది. అది ఉచ్చు అని అతనికి తెలుసు. అయినా నిర్భయంగా లోపలికి నడిచాడు. యంత్రాన్ని నడిపే మీటలు రెండింటినీ ముందుచూపుతో ఊడదీసి జేబులోనే ఉంచుకున్నాడు కదా! తలుపులు దభాలున మూసుకున్నాయి. అగ్గిపుల్ల గీయబోయాడు. అది పెట్టెపై గీస్తేనే వెలిగే రకం. పెట్టె లేదు.

ఇక చీకటి. చల్లని చిన్న చిన్న చేతులు ఒంటిమీద పాకుతున్నాయి. మీటలను బిగించవలసిన మొలలను తడిమి తడిమి వెదకాలి. అదే సమయంలో ఆ మీటలతోనే శత్రువులను కొట్టాలి. ఒక మీట చేయి జారితే, తలతో ఢీకొట్టి తిరిగి దక్కించుకున్నాడు. ఎట్టకేలకు బిగించాడు, లాగాడు. పట్టుకున్న చేతులు జారిపోయాయి.

ఆసనంపై సరిగా కూర్చోనైనా లేదు. పక్కకు ఒరిగి, ఊగిపోతున్న యంత్రాన్ని కావలించుకుని చాలాసేపు ఎటు పోతున్నాడో చూడలేదు. చూసేసరికి, వేల దినాలను లెక్కించే ముల్లు గడియారంలో సెకన్ల ముల్లులా గిరగిర తిరుగుతోంది. మీటలను తిప్పవలసిన వైపు కాక, రెండో వైపు లాగాడు. ఇంటికి బదులు ఇంకా దూరపు భవిష్యత్తులోకి దూసుకుపోతున్నాడు.

ఈ ఘట్టాన్ని ఒకప్పుడు నేనే నాశనం చేశాను. దాదాపు పదిహేనేళ్ళ క్రితం ఒక ప్రచురణకర్త కోసం ఈ నవలను పిల్లలకు సంక్షిప్తంగా తెలుగు చేశాను. పుటలు మించిపోతున్నాయని, మార్లాకుల తర్వాత కథ తేల్చేయమని కబురు వచ్చింది. కొత్తవాణ్ణి. కాదనలేదు. “మీట లాగాడు, మరుక్షణం తన ప్రయోగశాలలో ఉన్నాడు” అని రాసి ముగించాను. ఆ వాక్యం వెల్స్‌ది కాదు, నాది.

పుస్తకం మా నాన్నగారికి ఇచ్చాను. ఆయనకు ఇంగ్లీషు రాదు. ముప్పై ఏళ్ళు బియ్యం మిల్లులో ఇంజను డ్రైవరుగా పని చేశారు. 1991లో ‘ఆదిత్య 369’ చూడడానికి నన్ను తీసుకువెళ్ళినప్పుడు, హాలంతా శ్రీకృష్ణదేవరాయల సభను చూస్తుంటే, “దానికి బ్రేకు ఎక్కడుందిరా?” అని అడిగిన మనిషి. నా పుస్తకం చదివి, కళ్ళద్దాలు తీసి, ఒక్క మాట అడిగారు:

“చీకట్లో, మీద పడి పీకుతుంటే, బెదిరినవాడి చెయ్యి సరైన మీట మీదే పడిందా?”

నేను మౌనంగా ఉండిపోయాను. ఆయన ప్రశ్నకు సమాధానం వెల్స్ రాసే ఉంచాడు. దానిని కొట్టివేసినది నేను.

కొట్టివేసినది ఎంతో చెప్పాలి. ఆ పొరపాటు వల్లనే యాత్రికుడు నిర్మానుష్యమైన ఒక సముద్రతీరం చేరాడు. భూమి తిరగడం మాని, ఒకే ముఖాన్ని సూర్యునివైపు ఉంచి నిలిచిపోయింది. సూర్యుడు ఎర్రబడి, పెద్దవాడై, దిగంతంలో కదలకుండా ఉన్నాడు. బల్లంత ఎండ్రకాయలు ఇసుకపై పాకుతున్నాయి. వాటిలో ఒకదాని మీసం చెంపకు తగిలితే, మీట నొక్కి తనకూ వాటికీ మధ్య ఒక నెల దూరం పెట్టుకున్నాడు. (భయపడి పారిపోవడంలో ఇంతకంటె చమత్కారమైన కొలత నేను ఏ కథలోనూ చూడలేదు.) ఆ తర్వాత తన ఇష్టంతోనే, వేయేళ్ళకొక అంగగా, 3 కోట్ల ఏళ్ళకు పైగా పోయి, మంచు కురిసే నిశ్శబ్దంలో ఒక సూర్యగ్రహణం చూశాడు. మొదటి దూకుడు మాత్రం అతని ఇష్టం కాదు. చేయి తప్పకపోతే ఆ తీరాన్ని అతడు చూసేవాడే కాదు.

ఆ ఎర్రని సూర్యుడు కవి కల్పన మాత్రమే కాదు. సూర్యుడు కుంచించుకుపోవడం వల్లనే వేడి పుడుతున్నదని, అది కోట్ల ఏళ్ళలో లెక్కించదగిన నిధియే తప్ప తరగనిది కాదని లార్డ్ కెల్విన్ వాదిస్తున్న కాలం అది. బెకెరెల్ రేడియోధార్మికతను కనుగొన్నది 1896లో, అంటే ఈ నవల వెలువడిన మరుసటి ఏడు. సూర్యుని శక్తికి మూలం హైడ్రోజన్ అణువుల కేంద్రకాల సంలీనమని తేలింది 1930లలో. నేటి అంచనా ప్రకారం సూర్యునికి ఇంకా సుమారు 500 కోట్ల ఏళ్ళ ఆయువు ఉంది. లెక్క మారినా, ఆ తీరంలో చలి మాత్రం చదువరికి ఇప్పటికీ తగులుతుంది.

కత్తిరింపులు వెల్స్‌కూ తెలుసు. నవల ‘న్యూ రివ్యూ’ పత్రికలో వస్తున్నప్పుడు, సంపాదకుడు హెన్లీ కోరిక మీద, మార్లాకుల నుంచి తప్పించుకున్న వెంటనే వచ్చే మరో ఘట్టం రాశాడు. అందులో మానవజాతి క్షీణించి చిన్న జంతువులుగా మిగిలింది. పుస్తకంగా వేసేటప్పుడు దానిని తీసివేశాడు, తీరాన్ని ఉంచాడు. నేను ఉంచవలసినదే తీశాను.

మన పురాణాలలోనూ కాలంలో తప్పిపోయినవారు ఉన్నారు. భాగవతం నవమస్కంధంలో కకుద్మి మహారాజు కూతురు రేవతికి తగిన వరుని అడగడానికి బ్రహ్మలోకం వెళ్ళి, అక్కడి గానం ముగిసేవరకు క్షణకాలం ఆగాడు. భూమిపై 27 మహాయుగాలు, అంటే 11 కోట్ల 66 లక్షల ఏళ్ళకు పైగా, గడిచిపోయాయి. కాని ఆయనను ఎవరూ తరుమలేదు. ఆయన చేతిలో మీట కూడా లేదు.

నవలను పూర్తిగా అనువదించే పని గత ఏడాది మొదలుపెట్టాను. ఆ మీట దగ్గరకు వచ్చి నాలుగు రోజులు ఆగిపోయాను. “మీటను ముందుకు లాగాడు” అని రాస్తే తెలుగులో ఎటు పోయినట్టు? ‘పెళ్ళికి ముందు’ అంటే గతం. ‘ముందు ముందు’ అంటే భవిష్యత్తు. పోనీ ‘వెనుక’? ‘వెనుకటికి ఒక రాజు’ గతంలో ఉంటాడు. ‘ఆ వెనుక’ జరిగినది తర్వాతి సంగతి. కంగారులో ఉన్న యాత్రికుడికంటె నా భాషే దిక్కు తోచకుండా ఉంది. చివరకు “మీటలను రాబోయే కాలం వైపు లాగాడు” అని రాసుకున్నాను. వాక్యం కొంచెం బరువైనది. తప్పుదారి మాత్రం పట్టించదు.

ఆ అధ్యాయాలు నాన్నగారికి చదివి వినిపించాను. ఇప్పుడు ఆయనకు చూపు ఆనదు. ముల్లు గిరగిర తిరుగుతోందని వినగానే నిటారుగా కూర్చున్నారు. ఎండ్రకాయల దగ్గర నవ్వారు. యాత్రికుడు కుంటుతూ ఇల్లు చేరిన చోట, యంత్రం బయలుదేరిన మూలన కాక గదిలో ఎదుటి మూలన, గోడకు ఆని తేలిందని చదివి, దానికి వెల్స్ చెప్పిన కారణం చదవబోతున్నాను. ఆయన చేయి ఎత్తి ఆపారు.

“ఉండు. వాళ్ళు దాన్ని విగ్రహం కిందికి ఈడ్చుకుపోయారు కదా. అంత దూరమే జరిగి ఉంటుంది” అన్నారు.