కిటికీలోని కిటికీ

పానగల్లులోని ఉదయసముద్రము నెఱుంగని వారు మా విద్యార్థులలో నుండరు. చెఱువున కెంత నీరున్నను పొలమునకు మేలు చేయునది తూము. తూము లేని చెఱువు పైరునకు నిరుపయోగము. మూయుటకు వీలులేని తూము ప్రమాదకరము. ఈ మాట నేఁటి కంప్యూటరు విద్యకును జెల్లునని మా యభిప్రాయము.

మా పై తరగతి విద్యార్థులు కొందఱు పాఠశాల కొఱకొక ప్రోగ్రాము వ్రాయ సంకల్పించిరి. అందు మార్కుల పట్టికయు, దాని ప్రక్కనే తెలుగు పాఠములు చూపు బ్రౌజరు భాగమును నుండును. ఇట్లొక ప్రోగ్రాము కిటికీలో బ్రౌజరును పొదుగుట మంచిదేనా యని తలిదండ్రులు మమ్మడిగిరి.

మంచిదే యని మా యుత్తరము. ఒత్తులును గుణింతములును గల మన లిపిని సరిగా గూర్చి చూపుట బ్రౌజరు ఇదివఱకే నేర్చినది. ఆ పనిని మొదటినుండి మరల వ్రాయుట వృథాశ్రమ. అయినను ఏ భాగమును పొదుగవలయునో విచారింపవలెను. విండోసులోని పాత వెబ్‌బ్రౌజర్ కంట్రోలు, ప్రత్యేకముగ నాదేశింపనియెడల, 2006వ సంవత్సరపు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 7 వలె ప్రవర్తించును. నేఁటి పుటలు దానిలో చెదరుట సహజము. 2013లో బుట్టిన ఎలక్ట్రాన్ పద్ధతిలో ప్రతి ప్రోగ్రామును క్రోమియము నంతటిని వెంట మోయును. చిన్న కంప్యూటరులకది భారము. 2020లో వెలువడిన వెబ్‌వ్యూ2 యన్ననో, ఎడ్జ్ బ్రౌజరు యంత్రమునే యాధారముగఁ గొని, సాధారణముగఁ దనంతట తాను నవీకరణము నొందుచుండును. రక్షణలోపములు వెంటనే సవరింపఁబడుట కిది ముఖ్యము గావున దీనినే మేము మెచ్చుచున్నాము.

అసలు ప్రమాదము వేఱొకటి కలదు. పొదిగిన బ్రౌజరునకు చిరునామా పట్టీ తనంతట రాదు. ఒక లంకెను నొక్కి యెచ్చటికిఁ బోయెనో బాలుఁ డెఱుఁగఁడు. ప్రోగ్రాము తన యధికారములను పుటలోని స్క్రిప్టున కప్పగించినచో, పరుల పుటకు సైతము మన పిల్లల మార్కులు చేఁజిక్కవచ్చును.

కావున విద్యార్థులారా, మూఁడు నియమములు పాటింపుఁడు: మీరు పేర్కొనిన చిరునామాలకుఁ దప్ప తక్కిన వానికి దారి మూయుఁడు, పుట చిరునామాను చదువరికిఁ గనఁబఱుపుఁడు, మార్కుల పట్టికను స్క్రిప్టున కందనీయకుఁడు. శ్రమ కొంత హెచ్చును గాని, ఇతరుల బిడ్డల వివరములు చేతఁ బట్టినవారి కది తప్పని ధర్మము. తూము కట్టిన వాఁడే తలుపును నమర్పవలయును.