నడకకు ముందు మూట

వార్షికోత్సవ సంచిక అనగానే అందరూ చదువు గురించి, క్రమశిక్షణ గురించి రాస్తారు. నేను సంచి సర్దుకోవడం గురించి రాస్తున్నాను. నవ్వకండి తమ్ముళ్లూ! ఈ చిన్న విషయంలో మన హాస్టల్ బతుకు చాలా ఉంది.

డిగ్రీ చివరి ఏడాది శివరాత్రికి తొమ్మిది మందిమి శ్రీశైలం నడిచి పోదామనుకున్నాం. ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా నల్లమలలో రెండు రోజుల దారి. తీరా బయలుదేరే ముందు ఒకడు "ఒంట్లో బాగాలేదు, నేను రాను" అన్నాడు. మేం నమ్మాం. అసలు సంగతి ఏడాది తర్వాత తెలిసింది. వాడికున్న ఒకే జత చెప్పులు తెగిపోయాయట. అడగడానికి మొగమాటపడ్డాడు.

నేనేమో ముందు రోజే కొత్త బూట్లు కొన్నాను. సంచిలో రెండు జీన్సు ప్యాంట్లు, జంపఖానా, ఇస్త్రీ చొక్కా, లావుపాటి నోటుబుక్కు కుక్కాను. నాగలూటి దాటకముందే మడమల మీద బొబ్బలు లేచాయి. చెమటకు తడిసిన జీన్సు రాత్రంతా ఆరలేదు. కైలాసద్వారం మెట్లు బూట్లు చేత పట్టుకుని ఎక్కాను.

ఇంటికి పోతే అమ్మ నా కాళ్లు చూసి, "చదువుకున్నోనివి, కాళ్లు చూసుకోకుండా సంచి నింపుకున్యావా నాయనా?" అంది. మా అమ్మ ఏటా గుంటూరు వైపు మిరపకోతలకు సుగ్గికి పోయిన మనిషి. ఒక్క మూటలో నెలల బతుకు సర్దేది. ఏది కావాలో, ఏది వదిలిపెట్టాలో ఆమెకు తెలుసు. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. ఆ విద్య మాత్రం నాకు రాలేదు.

తర్వాత నేర్చుకున్నవి చెబుతాను. కొత్త బూట్లతో దూరం నడవకూడదు. రెండు మూడు వారాలు రోజూ వేసుకుని అలవాటు చేసుకోవాలి. గోళ్లు కత్తిరించుకోవాలి. సాక్సులు రెండు జతలైనా ఉండాలి, తడిసినవి వెంటనే మార్చాలి. జీన్సు వద్దు, త్వరగా ఆరే పలుచని ప్యాంటు మేలు. బట్టలను ముందు ప్లాస్టిక్ కవరులో చుట్టి, ఆ తర్వాతే సంచిలో పెట్టాలి. బరువైనవి వీపుకు దగ్గరగా ఉంచాలి. మొత్తం బరువు మన బరువులో ఐదో వంతు మించకూడదు. అంటే యాభై కిలోల వాడికి పది కిలోలు, నీళ్లతో కలిపి. నీళ్లు, టార్చి, ఓఆర్‌ఎస్ పొట్లాలు, దూది, కట్టు గుడ్డ మరవకూడదు. బొబ్బ పైతోలు పీకకుండా కప్పి కట్టాలి.

అయితే ఒక మాట. "మనకివన్నీ ఎందుకు? ఉత్త కాళ్లతోనే నడిచిన వాళ్లం" అని మనలో కొందరు గొప్పగా చెప్పుకుంటారు. నేను ఒప్పుకోను. అక్కరలేనిది వదిలేసి తేలిగ్గా నడవడం తెలివి. కావలసింది లేక నడవడం పేదరికం. రెండూ ఒకటి కావు. 2018 మార్చిలో మహారాష్ట్ర రైతులు నాసిక్ నుంచి ముంబైకి దాదాపు 180 కిలోమీటర్లు నడిచారు. పగిలిన ఆ పాదాలు చూసి ముంబై జనం చెప్పులు తెచ్చిచ్చారు. ఆ రైతుల పట్టుదలకు దండం పెడదాం, కానీ ఆ పుండ్లను పొగడొద్దు.

మన సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. ధైర్యం వాళ్లదే. కానీ శిక్షణ, మంచు బూట్లు, వెచ్చని దుస్తులు, ఆక్సిజన్ సమకూర్చాకే అది సాధ్యమైంది. మన పిల్లలకు సత్తా లేదన్న వాళ్లకు అదే జవాబు. సరైన సామాను చేతికందాలి, అంతే.

అందుకే పూర్వ విద్యార్థులైన అన్నలకు నా విన్నపం. ఈ వార్షికోత్సవానికి శాలువాలు, జ్ఞాపికలు కాస్త తగ్గిద్దాం. హాస్టల్లో ఒక బీరువా పెడదాం. అందులో వేర్వేరు సైజుల బూట్లు, నాలుగు వీపు సంచులు, టార్చిలు, రెయిన్‌కోట్లు ఉంచుదాం. విహారయాత్రకో, ఎన్‌సీసీ క్యాంపుకో పోయే పిల్లవాడు రిజిస్టరులో సంతకం పెట్టి తీసుకుంటాడు, తిరిగొచ్చి శుభ్రం చేసి పెడతాడు. ఎవరినీ అడగక్కరలేదు. నా వంతుగా నా స్కాలర్‌షిప్పులోంచి ఒక జత బూట్లు ఇస్తున్నాను. సైజు ఎనిమిది. ఆ రోజు మాతో రాలేకపోయిన మిత్రుడి సైజు అదే.

— పూర్వ విద్యార్థి, ఎం.ఏ. రెండో సంవత్సరం