పెద్ద కంపెనీ నెట్ తీయించేసి కేబుల్ అన్న దగ్గరికి ఎందుకు మారాం



మేము పాడేరు వైపు ఒక హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్నవాళ్లం. మాలో ఎక్కువమంది ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లు ఎక్కినవాళ్లమే. ఏ కోర్సు తీసుకోవాలి, ఏ పరీక్ష రాయాలి అని ఇంట్లో అడిగితే అమ్మానాన్న మన మొహం చూస్తారు తప్ప ఏం చెప్పగలరు? అందుకే స్కాలర్‌షిప్ దగ్గర్నుంచి పరీక్ష ఫీజు దాకా, నోట్స్ దగ్గర్నుంచి ఉద్యోగాల నోటిఫికేషన్ దాకా మాకు అన్నీ నెట్‌లోనే. రీచార్జి సంగతి మీకు తెలిసిందే. 2024 జూలైలో ఒక పెద్ద కంపెనీ రోజుకి 1.5 జీబీ ఇచ్చే 28 రోజుల ప్లాన్‌ని 239 నుంచి 299 చేసింది. 60 రూపాయలే కదా అనొచ్చు. పసుపు అమ్మిన డబ్బుల్లోంచి నెలనెలా పంపే ఇంటికి అది చిన్న లెక్క కాదు.

అందుకే వార్డెన్ సార్‌ని ఒప్పించి, తలా కొంత వేసుకుని, ఒక పెద్ద కంపెనీ వైఫై పెట్టించుకున్నాం. టాక్స్‌తో కలిపి నెలకి 1,180. బాగానే నడిచింది, వానలు వచ్చేదాకా.

ఆ వానల్లో తీగ ఎక్కడో తెగింది. కాల్ సెంటర్‌కి ఫోన్ చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి, చివరికి హిందీ. మాలో ఒకడు వచ్చీరాని హిందీలో చెప్తే కంప్లైంట్ నంబర్ ఇచ్చారు. రెండో రోజు మెసేజ్ వచ్చింది, మీ సమస్య పరిష్కారమైందని. మేమంతా వెళ్లి పెట్టె చూస్తే ఎర్ర లైటు అలాగే ఉంది. మళ్లీ కంప్లైంట్, మళ్లీ అదే మెసేజ్. ఇలా పదకొండు రోజులు.

ఆ పదకొండు రోజుల్లోనే మా రూమ్ అన్న రైల్వే ఉద్యోగానికి అప్లికేషన్ పెట్టడానికి ఆఖరి రాత్రి. కరెంటు లేక టవర్ కూడా పోతూ వస్తూ ఉంది. ఫీజు కడుతుండగా సిగ్నల్ పోయింది. అకౌంట్‌లో డబ్బు కట్ అయింది, అప్లికేషన్ మాత్రం పడలేదు. డబ్బు నాలుగు రోజులకి తిరిగొచ్చింది. నోటిఫికేషన్ తిరిగి రాలేదు. ముందే ఎందుకు పెట్టలేదని మీరు అడగొచ్చు, మేమూ అడిగాం. కుల ధ్రువీకరణ పత్రం చేతికి వచ్చిందే ఆ ముందు రోజు.

ఆ తర్వాత మా ఊళ్లో టీవీ కేబుల్ నడిపే అన్న దగ్గరికి మారాం. అప్పుడు సీనియర్లు మమ్మల్ని బాగా ఎగతాళి చేశారు. "వాడికి సొంత నెట్‌వర్క్ ఎక్కడిది రా? వాడూ పెద్దోడి దగ్గర కొని మీకు అమ్ముతాడు. పెద్దోడు పడుకుంటే వీడూ పడుకుంటాడు" అన్నారు.

ఆ మాట నిజమే. దాచుకోవాల్సిందేం లేదు. పెద్ద కంపెనీ ఊరి దాకా లావు తీగ తెస్తుంది. ఈ అన్న అక్కడ టోకున కొని, తన సొంత తీగతో స్తంభాల మీదుగా ఇళ్లకి చిల్లరగా ఇస్తాడు. సంతలో బస్తా లెక్కన కొని కొట్టులో కేజీ లెక్కన అమ్మినట్టే. ఇందులో దొంగ వ్యాపారం ఏమీ లేదు. సొంత నెట్‌వర్క్ లేకుండా ఇంకొకరిది తీసుకుని అమ్మేవాళ్లకి వర్చువల్ నెట్‌వర్క్ ఆపరేటర్ అని 2016లో కేంద్రమే వేరే లైసెన్స్ పెట్టింది. కొందరు అలా లైసెన్స్ మీద నడుపుతారు, కొందరు పెద్ద కంపెనీకి ఫ్రాంచైజీగా కమీషన్ మీద నడుపుతారు. తమాషా ఏంటంటే మేము వదిలేసిన కంపెనీ దగ్గరే ఈ అన్న కొంటున్నాడు. స్పీడ్ టెస్ట్ చేస్తే కింద ఆ కంపెనీ పేరే కనిపించింది. ఆ రోజు హాస్టలంతా ఒకటే నవ్వు.

మరి మారి ఏం లాభం? బిల్లు 944 అయింది, అది ఒకటి. కానీ అసలు సంగతి అది కాదు. మొన్న ఘాట్‌లో జేసీబీ పని చేస్తూ పెద్ద తీగ కోసేసింది. సీనియర్లు చెప్పినట్టే అన్న నెట్ కూడా పోయింది. అయితే మేము ఫోన్ చేయకముందే ఆయనే చేశాడు. "తమ్ముడూ, ఘాట్‌లో తెగింది, కంపెనీ వాళ్లు అతుకు వేస్తున్నారు, సాయంత్రం దాకా రాదు. అర్జెంటు పనుంటే బజారుకి వచ్చెయ్యండి" అన్నాడు. అంతే, ఆ ఒక్క మాట చాలు. ఫీజు కట్టాల్సినవాళ్లు ముగ్గురు మధ్యాహ్నమే బజారుకి వెళ్లి పని చేసుకొచ్చారు. తీగ తెగడం ఎవరి చేతిలోనూ లేదు. తెగిందని చెప్పడం, ఎప్పుడు వస్తుందో చెప్పడం మనిషి చేతిలో ఉంది. మన మాటలో మాట్లాడే మనిషి, రేపు బజారులో మనకి ఎదురుపడాల్సిన మనిషి అయితే చెప్తాడు.

అలాగని అన్నని నెత్తిన పెట్టుకోమని మేము అనం. రాత్రి 8 నుంచి 10 దాకా మా నెట్ ఎద్దుబండి. 100 ఎంబీపీఎస్ అన్నది 12కి పడిపోయేది. ఆయన కొన్నది కొంత, అమ్మింది అంతకంటే ఎక్కువ. అందరూ ఒకేసారి ఫోన్ తీస్తే ఎవరికి చాలుద్ది? ఇదే విషయం మీద మేము నలుగురం వెళ్లి గట్టిగానే మాట్లాడాం. "పిల్లలు మీరు, సినిమాలు తగ్గించండి" అన్నాడు. మాకు కోపం వచ్చింది, కానీ మాలో కొందరు తల దించుకున్నారు కూడా. రెండు వారాలకి ఆయన పైనుంచి కొంచెం ఎక్కువ తీసుకున్నాడు, ఇప్పుడు 30 దాకా వస్తోంది.

రసీదు దగ్గర ఇంకా గొడవ ఉంది. ఫోన్‌పేలో కొడితే సరే అంటాడు, కాగితం ఇవ్వడు. ఏడాదికి ఒకేసారి కడితే రెండు నెలలు ఫ్రీ అన్నాడు, మేము కట్టలేదు. ఎవరైనా మారాలనుకుంటే ఇది గుర్తుంచుకోండి. చిన్నవాడు పైవాడికి బకాయి పడితే పైవాడు మొత్తం తీగ ఆపేస్తాడు, మన ఏడాది డబ్బు అందులో పోతుంది. నెలకి నెల కట్టండి. బిల్లు అడగండి, దాని మీద ఎవరి పేరు ఉందో, జీఎస్టీ నంబర్ ఎవరిదో చూడండి. కంప్లైంట్ పెట్టాల్సి వస్తే వెళ్లాల్సింది ఆ పేరు దగ్గరికే.

ఇంకో సంగతి. పెద్ద కంపెనీ అయినా చిన్నవాడైనా ఇంటి ప్లాన్ తీసుకుని పదిమందికి పంచి డబ్బులు తీసుకోవడం వాళ్ల షరతుల్లో ఉండదు. మేము మొదట్లో చేసింది అదే, తెలియక చేశాం. అందుకు వేరే దారి ఉంది. 2020 డిసెంబరులో కేంద్రం పీఎం-వాణి అని ఒకటి ఒప్పుకుంది. టీ కొట్టు, కిరాణా కొట్టు, ఎవరైనా సరే, లైసెన్స్ ఫీజు లేకుండా నెట్ కొని వైఫైగా చిన్న చిన్న ప్యాకెట్లలో అమ్ముకోవచ్చు. ఇలాంటి కొట్లకి పెద్ద కంపెనీలు ఎంత పడితే అంత రేటు చెప్పకుండా 2025 జూన్‌లో ట్రాయ్ కట్టడి పెట్టింది. 200 ఎంబీపీఎస్ దాకా ప్లాన్లకి మామూలు ఇంటి రేటుకి రెండింతలు మించకూడదు.

మేము చెప్పాలనుకున్నది ఇక్కడే ఉంది. పెద్దోడు వద్దు, కేబుల్ అన్న ముద్దు అని మాత్రమే ఎందుకు ఆగాలి? ఆ చిల్లర కొట్టు మన పిల్లలే ఎందుకు పెట్టకూడదు? సంత జరిగే జంక్షన్లలో, ఫైబర్ వచ్చిన పంచాయతీల్లో డిగ్రీ అయి ఖాళీగా ఉన్న అన్నలు ఎంతమంది లేరు? కువి మాట్లాడే అమ్మమ్మ పింఛను గురించి అడగడానికి వస్తే ఆమె మాటలోనే జవాబు చెప్పగలిగేవాడు ఆ కొట్టులో కూర్చోవాలి. తీగే రాని ఊళ్లకి ఇది పనికిరాదు, ఆ సంగతీ మాకు తెలుసు. అక్కడ టవర్ కోసం అర్జీలు పెట్టాల్సిందే.

మా హాస్టల్ మటుకు, కనెక్షన్ మా నలుగురి పేరు మీద కాకుండా హాస్టల్ పేరు మీద ఉండాలని వార్డెన్ సార్‌కి అర్జీ ఇచ్చాం. మేము వెళ్లిపోయాక వచ్చే తమ్ముళ్లు మళ్లీ మొదటి నుంచి తిప్పలు పడకూడదు కదా. రూమ్ అన్న ఈసారి నోటిఫికేషన్ పడిన మూడో రోజే అప్లికేషన్ పెట్టేశాడు. వచ్చే నెల బిల్లు ఎవరి పేరు మీద వస్తుందో చూసి మళ్లీ రాస్తాం.