మాట చేసిన పాపమేమిటి?

స్వీడన్, డెన్మార్క్ పేర్లెత్తితే చాలు, మనలో కొందరు పెద్దమనుషులు ముఖం అదోలా పెట్టేస్తారు. "ఆ దేశాల్లో కామానికి పగ్గాల్లేవండీ. వాళ్ళు నోరు విప్పితే 'లుస్ట్' అనే మాటే!" అంటూ రుజువు కూడా చూపిస్తారు.

అయ్యా, తమరు చదివింది ఇంగ్లీషు. అందులో ఆ మాటకు కామం అనే అర్థం స్థిరపడిపోయింది, నిజమే. కానీ ఒక తల్లి పిల్లలే అయినా, స్వీడిష్‌లో 'లుస్ట్', డేనిష్, నార్వేజియన్ భాషల్లో 'ల్యుస్ట్' వేరే ఇళ్ళల్లో పెరిగాయి. నార్వేలో "కాఫీకి ల్యుస్ట్ ఉందా?" అంటే "కాఫీ తాగాలనుందా?" అని, అంతే! స్వీడన్‌లో అన్నంమీదికి మనసు పోవడం 'మాట్‌లుస్ట్'. పిల్లలకు చదువుకునే పుస్తకాలమీద కలిగే ఇష్టం 'లేస్‌లుస్ట్'. పురిటినొప్పులు ఓర్చుకోవడానికి పీల్పించే గ్యాసు 'లుస్ట్‌గాస్'. అంతెందుకు, చర్చిలో పెళ్ళి ప్రమాణంలోనే కష్టంలోనూ 'లుస్ట్'లోనూ, అంటే సంతోషంలోనూ, ప్రేమిస్తానని చెప్పుకుంటారు. పాదిరీగారి ఎదుట పలికే మాట బూతెలా అవుతుందండీ?

శరీరవాంఛకు స్వీడిష్‌లో 'ఓత్రో' అని వేరే మాటుంది. 'లుస్ట్' ఆ అర్థంలో అసలే రాదని కాదు. మన 'కోరిక' మాత్రం? జిలేబీమీదా కలుగుతుంది, మరోదానిమీదా కలుగుతుంది. ఏదో సందర్భమే చెబుతుంది.

అలాగని ఆ దేశాల్ని ఆకాశానికెత్తడం నా ఉద్దేశం కాదు. మాట ఉన్నంతమాత్రాన సరిపోతుందా? నార్వే రచయిత ఇబ్సెన్ 1879లో రాసిన 'ఎ డాల్స్ హౌస్' నాటకంలో నోరాను చూడండి. మొగుడు వద్దన్న మిఠాయిని చాటుగా తింటుంది. ఆయన వినేటట్టు ఒక్క తిట్టుమాట అనాలని మహా 'ల్యుస్ట్'గా ఉందని స్నేహితులతో అంటుంది. తీరా ఆయన గదిలోంచి వచ్చేసరికి మిఠాయి దాచేసి, నోరు మూసుకుంటుంది. మాటుంది, మనసుంది. చెప్పే చోటే లేదు!

కనుక దోషాన్ని మాటలో వెతక్కండి. ఆడదాని మనసులో ఏముందో అడగని ఇంట్లో వెతకండి. మాటలకు మనకేం తక్కువ? ఆశ, ముచ్చట, సరదా, మనసు పడటం, ఎన్ని లేవు! కడుపుతో ఉన్న పిల్లని "ఏం తినాలనుందమ్మా?" అని ఇంటిల్లిపాదీ అడుగుతారు.

కాన్పయ్యాక ఆ ప్రశ్న ఎక్కడికి పోతుందంటారు?